నడిమి సీడీ

టీవీ ఆరిపోయాక కూడా ఎవరూ కదల్లేదు.

హేమలత టీవీ వెనక చెయ్యి పెట్టి పెన్‌డ్రైవ్ లాగేసి, దాన్ని గుప్పిట్లో బిగించి నిలబడింది. మంచం మీద తండ్రి భద్రు నోరు తెరిచి చూస్తున్నాడు. కుర్చీలో అన్న బలరాం. నేల మీద వేయించిన పల్లీల గిన్నె ఒళ్ళో పెట్టుకుని తల్లి పూలి. వంటింటి గుమ్మంలో వదిన ఉషారాణి, సగం తరిగిన ఉల్లిగడ్డతో.

ఆ ఇంట్లో గేటు సినిమాను మధ్యలో ఆపినవాళ్ళు లేరు. కరెంటు పోతే తప్ప అది ఆగేది కాదు. పోతే బలరాంకు ఇంటి నుంచి ఫోన్ వెళ్ళేది. సబ్‌స్టేషన్‌లో ఆపరేటర్ అతను. "ముసలామె బజ్జీలు ఏస్తుంటే తీసేస్తివేందిరా?" అని భద్రు కొడుకును తిట్టిన రోజులున్నాయి.

"ఏందే గిది?" అన్నాడు భద్రు ఇప్పుడు. "సినిమా నిన్నేమన్నది?"

"గిది సినిమా కాదు బాపూ. సగం సినిమా."

"సగమో, ముప్పావో! నువ్వు గింత పిల్లగున్నప్పటి నుంచి చూస్తున్నం. ఇయ్యాల తెలిసిందా?"

హేమలత తల్లివైపు తిరిగింది.

"యాడీ, నువ్వు చెప్పు. గేటు కాడి ముసలామె ఏమైంది?"

తండాలో తల్లిని యాడీ అనే పిలుస్తారు. ఆ పిలుపులో ఎంత కోపమైనా కొంచెం మెత్తబడుతుంది. ఈసారి మెత్తబడలేదు.

పూలి చెయ్యి గిన్నెలో ఆగిపోయింది. "కొడుకు దగ్గరికి పోయింది. నీకు చిన్నప్పటి నుంచి చెప్తనే ఉన్న గదా."

"ఏ ఊరు?"

"భద్రాచలం."

"సినిమాల భద్రాచలం పేరే లేదు యాడీ. నేను చూసిన. మొత్తం చూసిన."

పూలి తల దించుకుంది. పల్లీల పొట్టు ఒక్కొక్కటే ఏరి పక్కన పెట్టసాగింది.

బలరాం కుర్చీలోంచి లేచాడు. "సినిమా సంగతి తర్వాత. హేమా, రేపు సాయంత్రంతో నౌకరీల చేరే గడువు అయిపోతది. గవర్నమెంట్ పోస్టు. బూర్గంపాడు దాటినంక అడవిల దవాఖానా అంటే అంతదూరం ఎందుకని నేనే అన్న, ఒప్పుకుంట. కానీ నువ్వే పరీక్ష రాసి తెచ్చుకున్న నౌకరీ ఇది. పోతవా, పోవా?"

"పోను."

"ఎందుకో చెప్పు."

"నర్సు పని చెయ్యను. ఏడ కూడ చెయ్యను."

"ఏం చేస్తవ్ మరి? మిరప తోటల కలుపు తీస్తవా?"

"తీస్త."

"తీస్తదట!" భద్రు మంచం దిగాడు. "నిరుడు ఒక్క సాలు తీసి నడుము పట్టిందని పండుకున్న పిల్ల! ఇంటి కోడలే నీకన్న నయం, ఆమెకు డిగ్రీ ఉన్నది, నడుము కూడ ఉన్నది."

మామూలు రోజైతే ఉషారాణి నవ్వేది. హేమలత కూడా నవ్వేది. ఇప్పుడామె పెన్‌డ్రైవ్‌ను కిటికీ గూట్లో పడేసి పెరట్లోకి వెళ్ళిపోయింది.

నర్సుగా పనిచేసే దవాఖానా వదిలి ఆమె సంచీతో ఇంటికి దిగినప్పటి నుంచీ ఇదే తంతు. తినదు, మాట్లాడదు. ఫోన్ మోగుతుంది, ఎత్తదు. ఇవాళ పొద్దున పూలి అంది: "ఇంక అడగకుండ్రి. గేటు సినిమా పెట్టుండ్రి."

ఆ ఇంటి పద్ధతి అది. మనసు బాగాలేనివాళ్ళను ఎవరూ ఏమైందని అడగరు. ఆ సినిమా పెడతారు. పనులు మానుకుని అందరూ చుట్టూ కూర్చుంటారు. రైలు గేటు పక్కన బజ్జీల బండి పెట్టుకున్న ముసలామె, గేట్‌మన్ అయిన ఆమె మనవడు, బజ్జీల కోసం బండి ఆపే రైలు డ్రైవరు. ముసలామె డ్రైవరు చెవి పట్టుకునే చోటికి వచ్చేసరికి ఎంతటివాళ్ళైనా నవ్వాల్సిందే. నవ్విన కాసేపటికి వాళ్ళే నోరు విప్పుతారు.

పెళ్ళైన కొత్తలో ఉషారాణి ఈ పద్ధతి చూసి ఆశ్చర్యపోయింది. తల్లాడలో, తన పుట్టింట్లో, బాధ ఉంటే పదిమంది చుట్టూ చేరి పది ప్రశ్నలు వేసేవాళ్ళు. మొదటిసారి కడుపు నిలవనప్పుడు ఆమె ఆ ప్రశ్నలకు భయపడే పుట్టింటికి వెళ్ళలేదు. పూలి ఒక్క మాట అడగలేదు. కోడలి కాళ్ళు ఒళ్ళో పెట్టుకుని, సినిమా పెట్టి, నువ్వుల నూనె రాస్తూ కూర్చుంది. ఎక్కడ నవ్వాలో ముందే తెలిసిన మనిషిలా ఒక క్షణం ముందే నవ్వేది. మళ్ళీ మర్నాడు పెట్టింది. ఆ మర్నాడూ పెట్టింది. నాలుగో రోజో ఐదో రోజో చెవి పట్టుకునే చోట ఉషారాణి నవ్వింది. నవ్వుతూనే ఏడ్చింది. అప్పుడు కూడా పూలి నూనె రాయడం ఆపలేదు.

ఆనాటి నుంచి ఉషారాణి దృష్టిలో ఆ అత్తగారికి సాటి వచ్చే మనిషి లేదు.

అయితే ఒక సంగతి ఉషారాణి కంట పడకుండా పోలేదు. సినిమా చివర్లో, మనవడి పెళ్ళినాడు, రైలు వచ్చి గేటు దగ్గర ఆగే చోట పూలి ఎప్పుడూ లేస్తుంది. సరిగ్గా టీవీకి అడ్డంగా నిలబడి "ఎవరికి చాయ్?" అంటుంది. అందరూ "జరుగు, జరుగు" అని అరుస్తారు. ఆమె జరిగేసరికి ఆ బొమ్మ దాటిపోతుంది. అది కూడా సినిమాలో ఒక హాస్యమన్నట్టే ఇంట్లో అందరికీ అలవాటైంది.

అది హాస్యం కాదని ఇవాళ అర్థమవుతోంది.

*

పెరట్లో బోరు పక్కన బట్టల బండ మీద హేమలత కూర్చుని ఉంది. ఉషారాణి ఏమీ అడగలేదు. చిక్కుడుకాయల చేట తెచ్చి ఇద్దరి మధ్యా పెట్టి ఈనెలు తీయసాగింది. కాసేపటికి హేమలత చెయ్యి కూడా చేటలోకి వచ్చింది.

కారేపల్లి వైపు నుంచి గూడ్సు బండి కూత వినిపించింది.

"ముత్యాలమ్మ అని ఒకామె వదినా," అంది హేమలత. "బూర్గంపాడు నుంచి తీసుకొచ్చిండ్రు. మా దవాఖానాల నా వార్డే. పక్కన కూతురు ఏంజెల్ ఒక్కతే. రాత్రింబవళ్ళు అమ్మ మంచం పట్టుకుని పాటలు పాడేది, ప్రార్థన పాటలు. అన్నకు ఫోన్ చెయ్యాల్నా అక్కా, పనిల ఉన్నడు, రమ్మనాల్నా అని నన్నడిగింది."

"నువ్వేమన్నవ్?"

"ఏం కాదన్న." హేమలత చిక్కుడుకాయను రెండుగా విరిచింది. "ఏం కాదు, పొద్దున్నకల్లా లేచి కూసుంటది, అన్నను ఎందుకు పరేషాన్ చేస్తవ్ అన్న. చార్టు నేను చూస్తనే ఉన్న వదినా. పరిస్థితి నాకు తెలుసు. డాక్టర్ కూడ వాళ్ళోళ్ళకు చెప్పమన్నడు. కానీ ఆ పిల్ల ముఖం చూసి నోరు రాలే."

ఉషారాణి చేతులు ఆగాయి.

"ఏంజెల్ నీళ్ళకు పోయినప్పుడు ఆమె కొడుకు పేరు పెట్టి నాకొక మాట చెప్పింది. తెల్లారక ముందే పోయింది. అన్న బెంజమిన్ వచ్చేసరికి తెల్ల గుడ్డ కప్పి ఉన్నది. ఏంజెల్ నన్ను తిట్టలే. తిడితే బాగుండు. 'నువ్వు చెప్తేనే గదా అక్కా నేను ఫోన్ చెయ్యలే' అన్నది, అంతే. అన్నకు మాత్రం నా పేరు చెప్పలే. తనకే తోచలేదని చెప్పుకున్నది. ఆయన దాన్ని ఏమేమో అన్నడు. నేను సెలైన్ స్టాండు పట్టుకుని అక్కడనే నిలబడ్డ."

"అప్పటి నుంచి ఫోన్ చేసేది ఆ పిల్లేనా?"

"అవ్."

కోడి ఒకటి చేట దగ్గరికి వచ్చింది. ఉషారాణి దాన్ని అదిలించింది.

"రూంకు పోయి ఫోన్‌ల గేటు సినిమా పెట్టుకున్న," అంది హేమలత. "పానం బాగలేకుంటే అదే గదా మనకు మందు. నెట్ల ఎవరో మొత్తం సినిమా పెట్టిండ్రు. బజ్జీలు, రైలు, చెవి పట్టుకునుడు, అంతా మనదే. తర్వాత మనం ఎన్నడూ చూడనిది వచ్చింది. ముసలామె మంచాన పడ్డది. మనవడు గేటు ఏసి నిలబడ్డడు, రైలు రావాలె. ఇంటికి పోతనని వాడంటుంటే పక్కనోడు ఏమంటడో తెలుసా? 'ఏం కాదురా, రైలు దాటినంక పో' అంటడు. రైలు చానా పెద్దది వదినా. దాటుతనే ఉంటది, దాటుతనే ఉంటది."

ఆమె చేటలోంచి ఇంకో కాయ తీసి ఈనె లాగింది.

"ఆ పక్కనోడిని నేనే. నాకు 'ఏం కాదు' అనుడు నేర్పింది ఎవరు? మా యాడి. సినిమాల సావును కూడ దాచి నన్ను నవ్విచ్చింది. నేను పోయి ఇంకొకరికి దాచిన."

ఉషారాణి తల ఎత్తి చూస్తే గింజల గది కిటికీ ఊచల వెనక పూలి చీర కొంగు కదిలింది.

*

ఉషారాణి లోపలికి వెళ్ళేసరికి గింజల గదిలో పూలి ఇనుప పెట్టె ముందు కూర్చుని ఉంది. పెళ్ళినాటి అద్దాల లంగా బయటికి తీసి మడతలు విప్పుతోంది. మడతల మధ్య పలచని ప్లాస్టిక్ కవరులో ఒక సీడీ. దాని మీద స్కెచ్ పెన్నుతో '2' అని ఎవరో రాశారు.

"అప్పట్ల సినిమా మూడు సీడీలల్ల వచ్చేది బిడ్డా," అంది పూలి, కోడలివైపు చూడకుండా. "మొదటిది, ఆఖరుది మీకిచ్చిన. నడిమిది తీసి పెట్టిన. ఆఖరుదాంట్ల రైలు ముంగట ముసలామె ఫోటోకు దండేసి ఉంటది, అది కనబడకుండనే నేను అడ్డం నిలబడేది. నీ మొగుడు తర్వాత ఆ రెండే పెన్‌డ్రైవ్‌ల ఎక్కిచ్చిండు. ఇంకోటి ఉన్నదా అని వాడెన్నడూ అడగలే."

"ఎందుకు తీసినవ్ అత్తమ్మా?"

"మా యాడి మాతోనే ఉండేది. హేమ ఆమె ఒళ్ళెనే పెరిగింది. వానకాలం మా తమ్ముని దగ్గరికని పోయింది, అక్కడనే పోయింది. వాగు పొంగి నేను దాటలేకపోయిన. పోయేసరికి మట్టి కూడ ఆరింది. ఇంటికొస్తే పిల్ల అడుగుతది, అమ్మమ్మ ఏది అని. మామ దగ్గరికి పోయింది అన్న. అబద్ధం కాదు గదా, అక్కడికే పోయింది. అయినా పిల్ల కూడు ముట్టలే. దాన్ని నవ్వియ్యనీకి మీ మామ సంతల ఈ సినిమా తెచ్చిండు. ముందుగాల నేనొక్కదాన్నే చూసిన. నడుమ ముసలామె పోతది. పిల్లకు ఎట్ల చూపియ్యాలె?"

ఉషారాణి ఆ సీడీని అందుకుని వెలుతురుకు పట్టి చూసింది. "ఇది ఆడుతదో లేదో. ప్లేయర్ కూడ పాడై ఎన్నేండ్లయిందో."

"ఆడుతది."

"నీకెట్ల తెలుసు?"

ఉషారాణికి ఒక్కసారిగా గుర్తొచ్చింది. టీవీ కింద, అద్దాల గుడ్డ కప్పిన ఆ పాత ప్లేయరును వారం వారం తానే తుడుస్తుంది. పైనంతా దుమ్ము ఉండేది. సీడీ పెట్టే అర తెరిచే బటన్ మీద మాత్రం ఎన్నడూ ఉండేది కాదు. చూసింది, కానీ ఆలోచించలేదు.

"నేను సంతకు పోయిన రోజు చూస్తుంటివా?"

"ఎప్పుడన్న ఒకసారి." పూలి లంగాను మళ్ళీ మడత పెట్టింది. "మా యాడి కోసం నేనేడ్వలేదు ఉషా. తండల ఎవరన్న పోతే మెడలు పట్టుకుని, పేరు పెట్టి పిలిచి ఏడుస్తం గదా. నాకా గడియ దొరకలే. పిల్ల ముంగట ఏడిస్తే పిల్లేమైతది? అందుకే మీకు నవ్వేటివి ఇచ్చిన. ఏడ్చేది నా దగ్గర పెట్టుకున్న. పానం బాగలేనప్పుడు నాకు అదే."

ఇన్నేళ్ళుగా తమందరి దిగులుకూ మందు వేసిన మనిషి, తన మందు తాను తలుపు వేసుకుని తాగిందన్నమాట. ఉషారాణి అత్త చేతిలోంచి లంగా తీసుకుని తానే పెట్టెలో పెట్టి, మూత వేసింది.

"పిల్లను పిలువు," అంది పూలి. "ఇది పెడదాం."

*

ప్లేయరు గురగురమంటూ తిరిగింది. గీతలు పడ్డచోట బొమ్మ గళ్ళు గళ్ళుగా విరిగి మళ్ళీ అతుక్కుంటోంది. హేమలత గోడకు ఆనుకుని, చేతులు కట్టుకుని కూర్చుంది. రానని కాసేపు మొరాయించింది కానీ, పూలి చేతిలో సీడీ చూసి వచ్చింది.

"ఇదేడిది?" అన్నాడు భద్రు. "గీ ముక్క నేనెన్నడూ చూడలే."

"చూడు ఇప్పుడు," అంది పూలి.

మంచాన పడ్డ ముసలామెను చూసి భద్రు ముందుకు వంగాడు. కాసేపటికి అతని ముఖం మారిపోయింది. "అంటే... ఈమె నిజంగనే సచ్చిపోయిందానే? భద్రాచలం పోలేదా?"

"పోలే."

"నాతోని కూడ చెప్పలేదు గదనే! ఇన్నేండ్లు ఆ కొడుకు ఎంత మంచోడో, ముసల్దాన్ని తిరిగి పంపకుండ సాకుతున్నడని నేను మెచ్చుకుంటనే ఉన్న!"

బలరాం నవ్వబోయి దగ్గాడు. హేమలత పెదవి ఒక పక్కకు కదిలింది, అంతే.

తెర మీద మనవడు గేటు దించాడు. పక్కనోడు వాడి భుజం మీద చెయ్యి వేశాడు. దూరం నుంచి రైలు వస్తోంది.

పూలి లేచింది. ఎప్పటిలాగే సరిగ్గా టీవీకి అడ్డంగా నిలబడింది. కాళ్ళకు అలవాటైన పని అది, మనసుకు తెలిసి చేసింది కాదు. "ఎవరికి..." అని అక్కడే ఆగిపోయింది.

"జరుగు యాడీ," అంది హేమలత నెమ్మదిగా. "నన్ను చూడనియ్యి."

పూలి పక్కకు జరిగింది. వెనక్కి తిరిగి తన చోటికి వెళ్ళలేదు. కూతురి పక్కన, గోడకు ఆనుకుని కూర్చుంది. రైలు దాటుతూనే ఉంది. మనవడు పరిగెత్తాడు. ఇంటి ముందు జనం.

మొదట ఏడ్చింది పూలి. హేమలత మెడ చుట్టూ రెండు చేతులూ వేసి, తండాలో ఆడవాళ్ళు ఏడ్చినట్టు, మాటలు చెప్పుకుంటూ ఏడ్చింది. "ఓ యాడీ, వాగు పొంగిందే యాడీ, నీ దగ్గరికి రాలేకపోయిన్నే..." హేమలత చేతులు కాసేపు అలాగే కట్టుకుని ఉన్నాయి. తర్వాత విడివడ్డాయి. తల్లి మెడ పట్టుకుంది. ఆమె నోట వచ్చిన పేరు అమ్మమ్మది కాదు. "ముత్యాలమ్మా," అంది, "నేను చెప్పలే ముత్యాలమ్మా, నేను పిలువనియ్యలే..."

భద్రుకు ముత్యాలమ్మ ఎవరో తెలియదు. అడగబోయాడు. ఉషారాణి తల అడ్డంగా ఊపింది. ఆ ఇంటి పద్ధతి గుర్తొచ్చి ఊరుకున్నాడు. వెళ్ళి రెండు చెంబులతో నీళ్ళు తెచ్చి వాళ్ళ పక్కన పెట్టాడు.

సీడీ అయిపోయి తెర నీలంగా మారింది. అప్పుడు మోగింది ఫోన్.

గూట్లో, పెన్‌డ్రైవ్ పక్కన, అది వణుకుతూ జరుగుతోంది. ఏంజెల్ అనే పేరు ఉషారాణికి నిలబడ్డచోటి నుంచే కనబడింది. తెచ్చి ఆడపడుచు ముందు పెట్టింది.

హేమలత తల్లి ముఖంలోకి చూసింది. ఏ బాధకైనా ఆ నోటి నుంచి వచ్చే మాట ఒకటే ఉండేది: 'ఏం కాదు'. ఉషారాణి కూడా ఆ మాట కోసమే చూసింది.

పూలి కొంగుతో ముఖం తుడుచుకుంది. "ఎత్తితే ఏమైతదో నాకు తెల్వదు బిడ్డా," అంది. "తిడతరేమో. ఇంకేమన్న అంటరేమో. నేనైతే పక్కనే ఉంట."

ఫోన్ మోగి మోగి ఆగిపోయింది. బలరాం నిట్టూర్చాడు.

హేమలత ఒక చెంబు నీళ్ళు పూర్తిగా తాగింది. ఫోన్ తీసి తానే కలిపింది.

"ఏంజెల్, నేను... అవ్, బాగనే ఉన్న. ఒక్క మాట. అన్న పక్కన ఉన్నడా? ఫోన్ అన్నకియ్యి... లేదు, నువ్వేం చెప్పకు. ఇయ్యి నువ్వు."

అవతల ఏదో గిన్నె కింద పెట్టిన చప్పుడు. ఆ తర్వాత మగ గొంతు.

"నా పేరు హేమలత అన్నా. మీ అమ్మ వార్డు నర్సును. మిమ్ములను పిలువాల్నా అని ఏంజెల్ నన్నడిగింది. ఏం కాదని చెప్పింది నేను. తప్పు దానిది కాదు, నాది. నాకు తెలిసి కూడ చెప్పలే."

గది బయట వేపచెట్టు కింద మేక ఒకటి గొలుసు లాగుతోంది. పూలి కూతురి మోకాలి మీద చెయ్యి వేసింది.

చాలాసేపటికి అవతలి నుంచి ఒక ప్రశ్న వచ్చింది. అది అందరికీ వినపడింది. కోపం లేదందులో. ఉంటే బాగుండేదని ఉషారాణికి అనిపించింది.

"ఆఖరికి మా అమ్మ ఏమన్నా అన్నదా?"

హేమలత కళ్ళు మూసుకుంది.

"అన్నది అన్నా. మీ పేరు పెట్టే అన్నది. కానీ ఫోన్‌ల చెప్పే మాట కాదు. నేను రేపు పొద్దున మొదటి బస్సుకు అటే వస్తున్న, కొత్త దవాఖానాల చేరనీకి. బూర్గంపాడుల దిగుత. మీ ఇంటికి రావొచ్చునా?"

బలరాం కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు.

అవతల బెంజమిన్ ఏమీ అనలేదు. ఫోన్ పెట్టేయనూ లేదు. అతని ఊపిరి మాత్రం, దాటుతున్న రైలులా, వస్తూనే ఉంది.